గట్టు కాడ సైకిల్ దిగాలె

వెల్గటూర్
10 మార్చి 2025, సోమవారం

వినోద్‌కు,

పైన "ప్రియమైన తమ్మునికి" అని రాయబోయి ఆగిన. చెయ్యి రాలేదు. నీ నంబరు నిన్ననే బ్లాకుల పెట్టిన. ఫోన్ల తిడితే నువ్వు మధ్యల దూరి "అక్కా గది కాదే, ముందుగాల నేను చెప్పేది ఇనే" అంటవు, నా మాట తెగిపోతది. ఉత్తరంల మధ్యల దూరరాదు. పదిహేడేండ్ల సంది ఊరందరి ఉత్తరాలు సైకిల్ మీద మోస్తున్న. నాది ఒకటి మోస్తే బరువేం కాదు. కూసొని చివరిదాక చదువు.

నిన్న చర్చి అయినంక బయటికి వస్తే, చర్చి వెనుక గట్టు మీద పద్దెనిమిది సైకిళ్లు. ఒక్కరు దిగలేదు. నెత్తిన టోపీలు, కండ్లకు అద్దాలు, రంగురంగుల బిగుతు బట్టలు, ఒకరెనుక ఒకరు తొక్కుకుంట పోతున్నరు. రాజేందర్ పొలానికి మొన్ననే నీళ్లు పెట్టిండ్రు, గట్టు పచ్చిగ ఉన్నది. రెండు చోట్ల జారి గండి పడ్డది. ఆయన వరి పాలు పోసుకునే యాళ్లకు నీళ్లు లేక ఎండుతది. ఆ నీళ్లన్ని పోయి కింద సమ్మయ్య నువ్వుల చేన్ల నిలిచినయి. సమ్మయ్య ఎవ్వరో యాదికున్నదా? మన పక్కిల్లు. కౌలుకు పట్టి చేసుకుంటున్నడు. నువ్వుల చేన్ల నీళ్లు నిలిస్తే ఏమైతదో నీకు చెప్పేది లేదు, చిన్నప్పుడు అందుల కూలికి పోయినోనివే.

ఇది ఒకటి. రెండోది విను.

నేను ఉరికి పోయేసరికి వాళ్లు గోదారి ఒడ్డున కూసొని అరటిపండ్లు తింటున్నరు. ఏడ కూసున్నరో తెలుసా? మనోళ్లను పూడ్చిన బొందలగడ్డల. ఒక పిల్ల మన అమ్మ మీద కూసున్నది. చెదలు తినంగ మిగిలిన సిలువ కట్టెకు ఒకాయన సైకిల్ ఆనిచ్చిండు. "లే బిడ్డా, గది మా అమ్మ" అన్న. ఆ పిల్ల దిగ్గున లేచింది, ముఖం తెల్లబోయింది. దాన్ని అనేది లేదు, పాపం. ఫోను తీసి చూపించింది. "ఇక్కడ రివర్ వ్యూ పాయింట్ అని ఉందండి. కూర్చుని ఫొటోలు దిగడానికి మంచి చోటని రాశారు" అన్నది. కింద ఏముందో నేను కూడ చదివిన. "వినోద్ సైకిల్స్, కోరుట్ల. జగిత్యాల నుంచి గోదారి దాక నలభై రెండు కిలోమీటర్లు. చివర పొలం గట్టు మీద దిగకుండ నేరుగా తొక్కొచ్చు."

నిన్ను మోసి, కని, కూలి చేసి సాకిన మనిషి నీకు వ్యూ పాయింట్ అయిందా?

మోకాలు బాగనే ఉన్నది. నువ్వు అడుగుతవని కాదు, అడగవని రాస్తున్న.

సుజాత

*

కోరుట్ల
13 మార్చి 2025

ప్రియమైన అక్కకు,

నీ చెయ్యి రాకపోతే నా చెయ్యన్న రావాలె గద, అందుకే రాసిన.

చివరిదాక చదివిన. రెండు సార్లు చదివిన. ఇప్పుడు నువ్వు కూడ చివరిదాక చదువు. నేను దొంగతనం చేయలేదు. ఎనిమిదేండ్లు మందికి పంచర్లు వేసి, ఇప్పుడిప్పుడు నా పేరు మీద దుకాణం పెట్టుకున్న. ఆదివారం వస్తే ఇరవై మంది వస్తున్నరు. కరీంనగర్ నుంచి డాక్టర్లు, సిరిసిల్ల నుంచి ఒక లెక్చరర్, ఆయన భార్య. వాళ్లకు దారులు చూపిస్త, సైకిళ్లు బాగు చేస్త. కొత్తోళ్లకు కోరుట్ల నుంచి మేడిపల్లి, చింతచెట్ల నీడ, ఎత్తుపల్లాలు లేవు. కాళ్లల్ల సత్తువ ఉన్నోళ్లకు కోనరావుపేట దిక్కు గుట్టలు. గోదారి దారి మాత్రం నా ప్రాణం. పొద్దున ఆరింటికి జగిత్యాల దాటితే దారి పొడుగూత పసుపు ఉడకపెట్టే వాసన వస్తది. వెల్గటూర్ దాటినంక గాలి చల్లగైతది, ఇంక నీళ్లు కనబడకముందే గోదారి వచ్చిందని తెలుస్తది. ఆ దారి నాకు నేర్పింది నువ్వే. చిన్నప్పుడు నీ సైకిల్ వెనుక కూసోబెట్టుకొని నేర్పినవు. మంచిది నలుగురికి చూపిస్తే తప్పా?

గండి పడ్డది నిజమే. బాధ అనిపించింది. సమ్మయ్యకు నా పేరు చెప్పి నష్టం అడుగు, ఇస్త.

కని గట్టు కాడ దిగుమని రాయమంటే రాయ. నాకు ఏడేండ్లప్పుడు బాపు సైకిల్ ముందు కడ్డీ మీద కూసున్న. గట్టు కాడికి వచ్చినం. రాజేందర్ వాళ్ల నాయిన, పెద్ద పటేలు, ఒడ్డు మీద నిలబడ్డడు. బాపు టక్కున దిగిండు. "దిగు కొడుకా" అని నన్ను కూడ దించిండు. హ్యాండిలు పట్టుకొని తల వంచుకొని గట్టు దాటేదాక నడిచిండు. ఆ తల వంచుకున్నది నా కండ్లల్ల ఇప్పటికీ ఉన్నది. నేను పెద్దగైనంక ఈ గట్టు మీద దిగనని ఆనాడే అనుకున్న. నేను దిగ, నా వెంట వచ్చేటోళ్లను దిగనియ్య. అందుకే గట్ల రాసిన. నీకు రాజేందర్ అంటే భయమైతే నువ్వు దిగు.

ఇంక బొందలగడ్డ అని రాస్తే ఎవడన్న వస్తడానే? ఎవ్వరి బొందలగడ్డ అని అడుగరా? అడిగితే నేనేం చెప్పాలె?

దుకాణం తెరిచిన్నాడు నీ కోసం రిబ్బను పట్టుకొని పదకొండు దాక నిలబడ్డ. నువ్వు రాలేదు. నేనేమన్న అన్ననా? ఉత్తరం రాసిన్నా?

నీ సైకిల్‌కు బ్రేకు కట్టలు పంపుతున్న. పాతవి అరిగినయని దసరాకే చూసిన.

వినోద్

*

వెల్గటూర్
18 మార్చి 2025

వినోద్‌కు,

నీ ఉత్తరం నా సంచిలనే వచ్చింది. నేనే ముద్ర కొట్టి, నేనే మోసి, నేనే నాకు ఇచ్చుకున్న. ముద్ర సిరా ఎండిపోయి తేదీ సగమే పడ్డది. బ్రేకు కట్టలు ముట్టినయి. అవి మంచిగున్నయి, నీ రాత మంచిగ లేదు.

బాపు ఎందుకు దిగేదో నీకు తెల్వది. ఏడేండ్లోనికి ఏం తెలుస్తది, పటేలు కనబడ్డడు, తల వంచింది కనబడ్డది, అంతే. నేను అప్పటికి పదహారేండ్లదాన్ని, నన్ను అడుగు. పటేలు లేనినాడు కూడ బాపు దిగేది. వానల దిగేది, ఎండల దిగేది, ఒక్కడే పోయినా దిగేది. తల వంచింది పటేలుకు కాదు, గట్టు చూసుకుంట నడిచిండు. ఏడ మెత్తబడ్డదో, ఏడ ఎండ్రకాయ బొక్క పెట్టిందో చూసేది, కాలితోని తొక్కి పూడ్చేది. గట్టు తెగితే కింద చేను మనోళ్లదే మునుగుతది కాబట్టి. ఆ బాట పెద్ద పటేలు మనకు రాసియ్యలేదు. పీనుగ పోయే బాటకు అడ్డం పెట్టనని మాటిచ్చిండు, మనోళ్లు గట్టు చెడగొట్టమని మాటిచ్చిండ్రు. రెండు మాటల మీద నలభై ఏండ్లు నడిచింది. నువ్వు ఒక్క ఆదివారం నాడు మన మాట తీసి గోదారిల పడేసినవు.

ఇప్పుడు విను. పదమూడు నాడు రాజేందర్ కడీలు పాతి ఇనుప ముండ్ల తీగ గుంజిండు. పదిహేను నాడు ఎల్లవ్వ సచ్చిపోయింది. అమ్మ కూలికి పోతే నిన్ను సంకన ఏసుకొని తిరిగిన ఎల్లవ్వ. గట్టు మీద పోతే పావుగంట. తీగ అడ్డమున్నదని ట్రాక్టర్ల ఏసుకొని మెయిన్ రోడ్డు తిప్పి ఏడు కిలోమీటర్లు తీస్కపోయినం. ట్రాక్టర్ గుంతల పడ్డప్పుడల్ల పీనుగ ఎగిరిపడకుండ నేను, ఆమె బిడ్డ రెండు దిక్కుల పట్టుకున్నం.

నీ దుకాణం తెరిచిన్నాడు ఎందుకు రాలేదని అడిగినవు. ఎల్లవ్వకు ఆ రోజే నోరు పడిపోయింది. గంజి పోసుకుంట కూసున్న. పండుగ పూట నీకు చెప్పుడెందుకని చెప్పలేదు.

మేము పోయి ఎమ్మార్వో ఆఫీసుల దరఖాస్తు ఇచ్చినం. రాజేందర్ మా కంటె ముందే పోయి నీ దారి బొమ్మ ఫోన్ల చూపించిండు. భూములు తనిఖీ చేసే గిర్దావర్ సారు నాతోని ఏమన్నడో రాస్తున్న. "ఇది టూరిస్టుల జాగ అని మీ తమ్ముడే రాసిండు గదమ్మా. ఇందుల బొందలగడ్డ ఏడున్నది?" దరఖాస్తు మీద ముద్ర కొట్టించుకొని వచ్చిన. పరాయోడు రాస్తే కొట్లాడుదును.

ఏప్రిల్ ఇరవైన ఈస్టర్. తెల్లారగట్ల అందరం కొవ్వొత్తులు పట్టుకొని మనోళ్ల కాడికి పోవాలె. ఆ లోపల ఆ అబద్ధం పేరు తీసెయ్. ఉన్నది ఉన్నట్టు రాయి.

సుజాత

*

కోరుట్ల
22 మార్చి 2025

అక్కా,

తీసేసిన. పేరు కాదు, దారి మొత్తం తీసేసిన. ఫొటోలు, దూరాలు, రాసిందంత పోయింది. ఇప్పుడు ఫోన్ల ఎంత వెతికినా మన ఊరే దొరకది. చాలా?

ఎల్లవ్వ పదిహేను నాడు పోయింది. నాకు ఇరవై ఒకటి నాడు తెలిసింది, అది కూడ నువ్వు తిట్టే తిట్ల నడుమ, మూడో పేరాల. నన్ను సంకన ఏసుకొని తిరిగిన మనిషికి పిడికెడు మన్ను వేసే భాగ్యం కూడ లేకుండ చేసినవు. నంబరు బ్లాకుల పెట్టి చావు కబురు పోస్టుల పంపిస్తవా? ఇది ఏ మాట మీద నడిచే పద్ధతి, చెప్పు. నేను చేసింది తెల్వక చేసిన. నువ్వు చేసింది తెలిసి చేసినవు.

ఇంక నేను రాయ.

వినోద్

*

వెల్గటూర్
27 మార్చి 2025

వినోద్‌కు,

ఎల్లవ్వ సంగతిల తప్పు నాదే. కోపంల ఉండి చెప్పలేదు. మన్ను వేస్తప్పుడు నీ చెయ్యి కూడ నాదే అనుకొని రెండు పిడికెళ్లు వేసిన, కని అది నీకు ఆసర కాదు. తప్పు తప్పే. ఇంతకంటె ఎక్కువ నాతోని రాయించకు.

ఇప్పుడు మిగిలింది విను. నేను పేరు తీయమన్న. దారి తీయమన్ననా? నా ఉత్తరం మళ్ల చూసుకో. అలిగి కంచం బోర్లేసే అలవాటు నీకు ఇంకా పోలేదు.

నిన్న గిర్దావర్ వచ్చిండు. సరే, ఫోన్ల ఏం మారిందో చూద్దాం అన్నడు. ఏం లేదు. రాజేందర్ నవ్విండు. "ఉన్నదన్నోడే లేదని తీసిండు, ఇంకేం కావాలె సారూ" అన్నడు. గిర్దావర్ తీగ అవతలి నుంచి బొందలగడ్డ చూసిండు. మట్టి దిబ్బలు, తుమ్మ చెట్లు, మేకలు. "రాళ్లు లేవు, పేర్లు లేవు. ఇవి ఎవరెవరివో కాయితం మీద ఏమన్న ఉన్నదా" అని అడిగిండు. మనోళ్లు రాళ్లు ఏడ పాతుతరు? కట్టె సిలువలు పెడితిమి, చెదలు తినె. మళ్ల ఏప్రిల్ నెలాఖరుకు వస్తనన్నడు.

రాజేందర్ దిక్కు కూడ ఒక్క మాట అంట, నీకు కోపమొచ్చినా సరే. ఆయన పంట పోయింది నిజం. సమ్మయ్య చేను పోయింది నిజం. గండి పెట్టినోళ్లే గండి పూడ్చాలె. నష్టం ఇస్తనని గొప్పగ రాసినవు గద, సమ్మయ్యకు నీ పైసలు వద్దట. పార పట్టుకొని రమ్మన్నడు.

తీగ అడ్డమున్నదని నేను రోజు పోస్టు సంచితోని గట్టు అవతలి ఇండ్లకు ఏడు కిలోమీటర్లు తిరిగి పోతున్న. మోకాలు బాగలేదు.

సుజాత

*

కోరుట్ల
3 ఏప్రిల్ 2025

అక్కా,

రాయనన్న, కని రాస్తున్న. మూడు ఉత్తరాలు రాసి చింపిన.

మోకాలు సంగతి చివర్ల ఒక్క ముక్క రాసినవు. అది చదివి దుకాణం మూసి బయట కూసున్న.

నీకు నేను చెప్పని మాట ఒకటి ఉన్నది. మొదటిసారి ఆ దారి రాసేటప్పుడు పక్కన ఆ సిరిసిల్ల లెక్చరర్ ఉన్నడు. "ఆ దిబ్బలేంటి వినోద్" అని అడిగిండు. నేను వెంటనే "ఏం లేదు సార్, ఊరికే మట్టి, అక్కడి నుంచి నది మంచిగ కనబడతది" అన్న. అమ్మ దిబ్బ ఆ ఫొటోలనే ఉండంగ ఊరికే మట్టి అన్న. బొందలగడ్డ అంటే ఎవరిది అంటడు, మాది అంటే మీరెవరు అంటడు. నా దగ్గర టీ తాగుతున్నడు, నా భుజం మీద చెయ్యి వేస్తున్నడు, ఆ చెయ్యి తీసేస్తడేమోనని భయపడ్డ. వ్యాపారం కోసమని నీకు రాసిన. వ్యాపారం కాదు. బాపు తల వంచిండని నేను ముప్పై ఏండ్లు కోపం పెట్టుకున్న. బాపు వంచలేదని నువ్వు చెప్పినవు. వంచింది నేను అక్కా. ఎవ్వరూ ఒడ్డు మీద నిలబడకుండనే వంచిన.

నా మీద నాకున్న కోపం నీ మీద చూపించిన. రాజేందర్ మీద కోపం మాత్రం అట్లనే ఉన్నది, అది నన్ను తియ్యమనకు.

దారి మళ్ల పెట్టిన. ఇట్ల రాసిన: "ఈ దారి చివర ఉన్నది మా వాడ బొందలగడ్డ. మా అమ్మ దేవవ్వ ఇక్కడ ఉంది. కూర్చునే చోటు కాదు. మార్చి తొమ్మిదిన మా సైకిళ్ల వల్ల గట్టు తెగింది, రెండు పొలాలు చెడ్డయి. తప్పు నాది. పదమూడో తారీఖు ఆదివారం రైడ్ లేదు. గట్టు పూడ్చడానికి పోతున్న. వచ్చేటోళ్లు పార తెచ్చుకోండి."

ఆరుగురు ఇంక రామని చెప్పిండ్రు. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు. లెక్చరర్ దుకాణానికి వచ్చి టీ తాగిండు. పోయేటప్పుడు, పార ఏడ దొరుకుతది అని అడిగిండు.

వినోద్

*

వెల్గటూర్
21 ఏప్రిల్ 2025, సోమవారం

తమ్ముడు వినోద్‌కు,

పదమూడు నాడు ఏడుగురు వచ్చిండ్రని సమ్మయ్య చెప్పిండు. నేను చర్చి కిటికీల నుంచి చూసిన, బయటికి రాలేదు. నాకు ఇంకా కోపం తగ్గలేదు. ఆ లెక్చరర్‌కు పార పట్టరాదు, మట్టిని చెంచతోని తీసినట్టు తీస్తున్నడు. సమ్మయ్య ఆయన్ను "సారూ, మీరు పాఠం చెప్పుండ్రి, మట్టి మేము ఏస్తం" అని ఎక్కిరించిండు. ఆయన మాత్రం మధ్యాహ్నం దాక లేవలేదు. చేతులు బొబ్బలెక్కినయి. గట్టు నిలబడ్డది.

మీరు పోయినంక రాజేందర్ వచ్చి గట్టు ఈ కొస నుంచి ఆ కొస దాక నడిచిండు. రెండు కడీలు పీకి, తీగ కొంచెం పక్కకు గుంజి పోయిండు. నిన్న ఈస్టర్ నాడు ఆ సందులకెళ్లే పోయినం. నేను కొలిచిన. మనిషి పడతడు, సైకిల్ పడతది. పాడె పట్టది. నలుగురు మోస్తే రెండు దిక్కుల తీగ గీసుకుంటది. పెద్ద పటేలు మాటిచ్చింది పీనుగ పోయేటందుకు, సైకిల్ పోయేటందుకు కాదు. ఈ ముక్క రాజేందర్‌కు ముఖం మీదనే చెప్పిన. చూద్దామన్నడు. చూసేదాక ఊకోను.

నిన్న తెల్లారగట్ల నువ్వు వచ్చింది చూసిన. గట్టు మొదట్ల సైకిల్ దిగినవు. తల వంచి గట్టు చూసుకుంట నడిచినవు, ఒక కాడ ఆగి కాలితోని మన్ను తొక్కినవు. బాపు లెక్కనే. నీ వెనుక వచ్చినోళ్లు కూడ దిగిండ్రు. అరటిపండ్లు తిన్న ఆ పిల్ల చెప్పులిడిచి, దూరంగ నిలబడి ఏడ్సింది. దానికి ఒక కొవ్వొత్తి ఇచ్చిన. నీతోని మాట్లాడలేదు. మాట్లాడితే నేను ఏడుద్దును, నిన్న అమ్మ రోజు, నా రోజు కాదు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు రాసింది చర్చిల ఒక పిల్ల నాకు ఫోన్ల చూపించింది. అమ్మ పేరు రాసినవు. బాపు పేరు ఏది? ఎల్లవ్వ పేరు ఏది? అమ్మ ఒక్కతే పోయిందా ఆ గడ్డకు?

గిర్దావర్ ఇరవై ఎనిమిదిన వస్తున్నడు. కాయితం మీద పేర్లు అడిగిండు గద. ఇస్త. పదిహేడేండ్ల సంది ఈ ఊర్ల ఎవ్వరి గడప ఏడున్నదో నాకు తెలుసు, ఇల్లు మారినా తెలుసు. ఆ గడ్డల ఉన్నోళ్లల్ల సగం మందికి నేను ఉత్తరాలు ఇచ్చినదాన్నే. సాయవ్వ మస్కట్ నుంచి కొడుకు ఉత్తరం వస్తదని రోజు నా సైకిల్ బెల్లుకు బయటికి వచ్చేది. ఆమె పోయిన తొమ్మిదో రోజు ఆ ఉత్తరం వచ్చింది. తిరిగి పంపబుద్ధి కాలేదు. తీస్కపోయి, ఆమె కాడ కూసొని చదివి వినిపించిన. రూలు ఒప్పుకోదు, మా ఆఫీసోళ్లు రాసుకుంటే రాసుకోని.

ఈ కవరుల ముప్పై ఒక్క పేర్లు ఉన్నయి. గట్టు దిగంగనే కుడి పక్క నుంచి మొదలుపెట్టి, వరుస తప్పకుండ రాసిన. అమ్మ, బాపు, తుమ్మ చెట్టు కింద సాయవ్వ, చివర కొత్త మట్టి ఎల్లవ్వ. పేరు లేకుండ పోయిన పసిపిల్లలు ముగ్గురు ఉన్నరు, వాళ్ల తల్లుల పేరు రాసిన. ఒక కాపీ గిర్దావర్‌కు. ఒకటి నీకు. ఒక్క పేరు తప్పిపోయినా కోరుట్లకు బస్సెక్కి వచ్చి నీ దుకాణంల అందరి ముందట తిడత. అన్నిటికంటె పైన, పెద్ద అక్షరాలల్ల, గట్టు కాడ సైకిల్ దిగాలె అని రాయి. ఎందుకు దిగాల్నో కూడ రాయి, లేకపోతే నీ లెక్కనే ఇంకొకడు తప్పుగ అర్థం చేసుకుంటడు.

నీ నంబరు తెరిచిన. చావు కబుర్లకు మాత్రమే. మిగిలిన మాటలకు ఉత్తరం రాయి.

మీ అక్క
సుజాత